హార్డ్ డిస్కు జోలికి పోని లినక్స్

2003 ప్రాంతంలో ఇంట్లో కంప్యూటరున్నవాళ్ళు ఎవరైనా సరదాపడి లినక్స్ వేసుకుందామనుకుంటే, ముందుగా ఎదురయ్యేది పార్టిషన్ల పట్టిక. ఉన్న 40 జీబీ డిస్కులో లినక్స్‌కు ఎంత వదలాలి, స్వాప్‌కు ఎంత, గీత ఎక్కడ గీయాలి అని ఇన్‌స్టాలర్ అడిగేది. అదే డిస్కులో నాన్నగారి ఆఫీసు లెక్కలు, అక్క ప్రాజెక్టు రిపోర్టు, పెళ్ళి ఫోటోలు. బ్యాకప్ తీసుకునే అలవాటు అప్పటికింకా మన ఇళ్ళలోకి రాలేదు. చెయ్యి జారి ఒక్క ఎంటర్ కొడితే అన్నీ గల్లంతు. లినక్స్ ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడకముందే తేల్చుకోవలసిన లెక్క అది. లినక్స్ కష్టమని అప్పట్లో పడ్డ పేరులో సగం వాటా ఈ పార్టిషన్ భయానిదేనని నా అనుమానం.

లైవ్ సీడీ ఈ వరసను తిరగేసింది. ముందు చూడండి, నచ్చితే తర్వాత వేసుకోండి అంది. సీడీ పెట్టి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే కొద్ది నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేసేది. బ్రౌజర్, ఓపెన్ ఆఫీస్, పాటల ప్లేయర్, ఆటలు అన్నీ సిద్ధం. సీడీ తీసేసి మళ్ళీ ఆన్ చేస్తే ఎప్పటి విండోస్ ఎప్పటిలాగే. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నిజంగా వేసుకోదగ్గదే. ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది నిమిషానికి పదిచోట్ల ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. చదవడం తప్ప రాయడం కుదరని సీడీ మీద అది ఎలా బతుకుతుంది? ఎన్నడూ చూడని కంప్యూటర్లో ఏ కార్డులున్నాయో దానికెవరు చెప్పారు?

ఆలోచన కొత్తదేమీ కాదు. లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో లినక్స్ రాయడం మొదలుపెట్టింది 1991లో. మరుసటి ఏడాది చివరికల్లా అమెరికాలో ఇగ్‌డ్రాసిల్ అనే కంపెనీ సీడీ నుంచి నడవగల లినక్స్‌ను బయటపెట్టింది. కాకపోతే దాన్ని లేపడానికి పక్కన ఒక ఫ్లాపీ ఉండాల్సిందే. ఎందుకంటే అప్పటి కంప్యూటర్లకు సీడీ నుంచి బూట్ అవడం తెలియదు. కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే బయాస్ ప్రోగ్రాం ఫ్లాపీలోనో హార్డ్ డిస్కులోనో మొట్టమొదటి 512 బైట్లను మెమరీలోకి తెచ్చి, పని వాటికి అప్పగించి తప్పుకునేది. సీడీ ఆ లెక్కకు లొంగేది కాదు. దాని సెక్టారే 2048 బైట్లు.

1995 జనవరిలో ఫీనిక్స్ టెక్నాలజీస్, ఐబీఎం ఇంజనీర్లు కలిసి ఈ చిక్కు విప్పారు. వాళ్ళ ప్రమాణం పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో అదే పేరుగల మెక్సికన్ హోటల్లో కూర్చుని మాట్లాడుకోగా పుట్టిందని చెబుతారు. ఉపాయం చాలా తేలిక. సీడీ మీద 17వ సెక్టారులో ఒక చిరునామా రాసిపెడతారు. ఆ చిరునామా దగ్గరున్న పట్టిక చూపే చోట ఒక ఫ్లాపీ మొత్తం, అంటే 1.44 ఎంబీ, ఉన్నదున్నట్టుగా నకలు దిగి ఉంటుంది. బయాస్ దాన్ని చదివి, ఇది అసలైన ఫ్లాపీయేనన్నట్టు బూట్ చేస్తుంది. పాత ప్రోగ్రాములకు తేడా తెలియదు. ఫ్లాపీ వేషం అవసరం లేని పద్ధతి కూడా ఆ ప్రమాణంలోనే ఉంది, తర్వాతి సీడీలు దానికి మారాయి. తొలినాళ్ళ లైవ్ సీడీలు చాలావరకు ఈ దొంగ ఫ్లాపీతోనే లేచాయి.

లైవ్ సీడీ అనగానే ఆ తరం వారికి గుర్తొచ్చే పేరు నాపిక్స్. జర్మనీకి చెందిన క్లావుస్ క్నోప్పర్ 2000లో విడుదల చేశాడు. ఎక్కడికెళ్ళినా తను వాడే పనిముట్లన్నీ ఒక సీడీలో వెంట ఉంటే ల్యాప్‌టాప్ మొయ్యక్కర్లేదన్నది ఆయన అవసరం. డెబియన్ లినక్స్‌ను తీసుకుని, దాన్ని ఏ కంప్యూటర్లో పెట్టినా తనంతట తాను సర్దుకునేలా తీర్చిదిద్దాడు.

సీడీ పెట్టాక ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. తెర మీద బూట్ అన్న మాట, దాని పక్కన మిణుకుమనే గీత. ఎంటర్ కొడితే ఒక మూల పెంగ్విన్ బొమ్మ వస్తుంది. నల్లతెర మీద రంగురంగుల అక్షరాలతో వరసలు కిందికి జారుతుంటాయి. మౌస్ ఫలానా, వీడియో కార్డు ఫలానా, మానిటర్ ఫలానా, డన్, డన్, డన్. సీడీ డ్రైవ్ రయ్యిమని తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఈలోగా లోపల జరిగేది ఇది. దొంగ ఫ్లాపీలోంచి లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్, దాంతోపాటు ఒక బుల్లి తాత్కాలిక వ్యవస్థ మెమరీలోకి చేరతాయి. ఆ బుల్లి వ్యవస్థకు పని ఒక్కటే. ఉన్న డ్రైవ్‌లన్నీ వెతికి, నాపిక్స్ అనే ఫోల్డర్లో నాపిక్స్ అనే పేరుతోనే ఉన్న ఒక పెద్ద ఫైలును పట్టుకోవాలి. అది దొరికితే డెస్క్‌టాప్ దొరికినట్టే. సీడీలో చోటంతా ఇంచుమించు ఆ ఒక్క ఫైలుదే. మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్, వందల ప్రోగ్రాములు అందులో కుదించి ఉంటాయి.

సీడీలో పట్టేది 700 ఎంబీ. నాపిక్స్ దాంట్లో కుక్కింది దాదాపు 2 జీబీ. జిప్ ఫైల్లాగా మొత్తం విప్పుకుని వాడదామంటే అంత మెమరీ ఎవరి దగ్గరా లేదు. 128 ఎంబీ ఉంటే బాగా ఉన్నట్టే లెక్క. అందుకని 64 కేబీ చొప్పున ముక్కలు చేసి, ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా కుదించారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి తోడు. బ్రౌజర్ మీద క్లిక్ చేస్తే దానికి కావలసిన ముక్కలే సీడీ నుంచి వచ్చి మెమరీలో విచ్చుకుంటాయి, మిగతావి ముడుచుకునే ఉంటాయి. ఈ పని చేసే డ్రైవర్ పేరు క్లూప్. మొదట రాసింది రస్టీ రస్సెల్, తర్వాత దాన్ని సాకింది క్నోప్పరే. కొన్నాళ్ళకు ఇదే పనిని ఇంకా చక్కగా చేసే స్క్వాష్ ఎఫ్‌ఎస్ వచ్చి, 2009లో కెర్నెల్‌లోనే భాగమైపోయింది.

కుదించినదాన్ని విప్పాలంటే ప్రాసెసర్‌కు అదనపు పని, దాంతో అంతా నెమ్మదించాలి కదా అనిపిస్తుంది. సీడీ విషయంలో కథ అడ్డం తిరుగుతుంది. ఒకటో వేగం మీద సీడీ డ్రైవ్ ఇచ్చేది సెకనుకు 150 కేబీ. పెట్టె మీద 52 అని గర్వంగా అచ్చేసిన డ్రైవ్ కూడా 7.8 ఎంబీ ఇచ్చేది సీడీ అంచు దగ్గర మాత్రమే, లోపలి వలయాల్లో అందులో సగం కూడా రాదు. ప్రాసెసర్ ఎప్పుడూ డ్రైవ్ కోసం చేతులు కట్టుకుని నిలబడే ఉంటుంది. కాబట్టి తక్కువ చదివించి ఎక్కువ విప్పించడం లాభసాటి బేరం. అసలు నష్టం వేరేచోట ఉంది. సీడీ మీద డేటా వరస లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే గాడి. 1.6 మైక్రాన్ల ఎడంతో చుట్టిన ఆ గాడిని సాగదీస్తే 5 కిలోమీటర్ల పైమాటే. ఒకచోటి నుంచి మరోచోటికి లేజర్ కన్ను జరిగి, గాడిని పట్టుకుని, కుదురుకునేసరికి సెకనులో పదోవంతు పోతుంది. హార్డ్ డిస్కుకైతే అందులో పదోవంతు చాలు. ఒక మెనూ తెరవడానికి ఇరవై చోట్ల వెతకాల్సి వస్తే రెండు సెకన్లు గోవిందా. లైవ్ సీడీలో ఏదైనా నొక్కి గుడ్లప్పగించి కూర్చోవడం వెనక కారణం ఇదే. తయారుచేసేవాళ్ళు బూట్ సమయంలో కావలసిన ఫైళ్ళను ఒకే వరుసలో పక్కపక్కన పేర్చి ఈ జాప్యాన్ని కొంత తగ్గించేవారు. లినక్స్ మందకొడి అని సీడీ చూసి తీర్పు చెప్పినవాళ్ళు నిజానికి తీర్పు చెప్పింది లేజర్ కన్ను మీద.

ఇక కార్డుల సంగతి. 1990ల తొలినాళ్ళ కంప్యూటర్లో సౌండ్ కార్డు బిగించుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దాని అంతరాయ సంఖ్య ఎంత, పోర్టు చిరునామా ఎంత అని మనమే చెప్పాలి. ఆ కార్డులకు నోరు లేదు. 1992లో వచ్చిన పీసీఐ ప్రమాణం వాటికి నోరిచ్చింది. ప్రతి పీసీఐ కార్డులో రెండు సంఖ్యలు శాశ్వతంగా ఉంటాయి, ఒకటి తయారీదారుది, రెండోది ఆ పరికరానిది. ఇంటెల్ తీసుకున్న సంఖ్య 8086. తన పాత ప్రాసెసర్ పేరునే ఇంటిపేరు చేసుకుందన్నమాట. మన హైదరాబాద్ అమీర్‌పేట, సీటీసీ కంప్యూటర్ షాపుల్లో చవగ్గా దొరికిన నెట్‌వర్క్ కార్డుల్లో ఎక్కువ కనిపించిన చిప్పు రియల్‌టెక్ 8139. అది 10ఈసీ:8139 అని పలుకుతుంది. కెర్నెల్ మొదట పీసీఐ స్లాట్లన్నీ వరసగా తట్టి ఈ సంఖ్యలు సేకరిస్తుంది. ఏ సంఖ్యకు ఏ డ్రైవర్ అన్న పెద్ద పట్టిక సీడీలో ఉంటుంది. జత కుదిరిన డ్రైవర్ మెమరీలోకి వస్తుంది, మిగిలిన వందలు సీడీలోనే పడుంటాయి. మానిటర్ కూడా తాను ఏ రిజల్యూషన్ చూపగలదో కేబుల్ ద్వారానే చెప్పుకుంటుంది. తెర మీద జారిపోయిన ఆ రంగుల వరసలు ఈ పరిచయాలే. లైవ్ సీడీ ఘనత అంతా లినక్స్ ఖాతాలో వేయడం మనకు అలవాటు. నా లెక్కలో సగం ఘనత ఈ రెండు సంఖ్యలది.

పేరు చెప్పినంత మాత్రాన పని జరుగుతుందని లేదు. అప్పట్లో కంప్యూటర్లతోపాటు వచ్చే డయలప్ మోడెమ్‌లు చాలావరకు వట్టి గుల్లలు. ఫోను లైను మీది సంకేతాలను విడమరిచే అసలు పని ప్రాసెసర్ మీదికి తోసేసి, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కు మాత్రమే ఇచ్చేవారు. విన్‌మోడెమ్‌లు అని పిలిచేవారు వాటిని. పరికరం పేరు పట్టికలో కనిపిస్తుంది, డ్రైవర్ ఉండదు. అలా చాలా ఇళ్ళలో మొదటిసారి చూసిన లినక్స్‌లో పాటలు మోగాయి, తెర వెలిగింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు.

రాయడానికి వీల్లేని చోట రాసుకోవడమెలా అన్నది అసలు ముచ్చట. తొలి నాపిక్స్‌లు అతుకుల బొంతతో నెట్టుకొచ్చాయి. మార్పులు జరిగే కొన్ని ఫోల్డర్లను మెమరీలో పెట్టి, మిగతావాటికి సీడీ వైపు లంకెలు వేశారు. 2005లో యూనియన్ ఎఫ్‌ఎస్ చేరాక అతుకులు పోయాయి. స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆ పద్ధతిని ఇలా ఊహించుకోవచ్చు. అచ్చయిన పటం మీద ట్రేసింగ్ కాగితం పరచండి. పైనుంచి చూస్తే పటమంతా కనిపిస్తుంది. పెన్నుతో గీస్తే గీత పడేది కాగితం మీద, పటానికి మచ్చ అంటదు. ఇక్కడ పటం సీడీ, కాగితం మెమరీ. ప్రోగ్రాములు చూసేది రెండూ కలిసిన బొమ్మను. తాము సీడీ మీద ఉన్నామన్న సంగతే వాటికి తెలియదు.

సీడీలోని సెట్టింగుల ఫైలు ఒకటి మార్చి సేవ్ చేశామనుకోండి. వ్యవస్థ ముందు ఆ ఫైలు మొత్తాన్ని మెమరీ పొరలోకి నకలు తీసి, మార్పు ఆ నకలులో చేస్తుంది. ఇకమీదట ఆ పేరు అడిగిన వారందరికీ పై నకలే కనిపిస్తుంది. తుడిచివేతలోనే చమత్కారం. సీడీలోని ఫైలును చెరపడం బ్రహ్మతరం కాదు. అందుకని ఈ పేరుగల ఫైలు లేదు అని పై పొరలో ఒక గుర్తు పెడతారు. ఆ గుర్తు ఉన్నంతసేపూ అడుగున ఉన్న ఫైలు ఎవరికీ కనబడదు. సీడీలోని ప్రోగ్రాం ఒకటి తీసేస్తే ఖాళీ చోటు పెరగకపోగా, ఆ గుర్తుల కోసం కాసింత మెమరీ ఖర్చవడం ఇందువల్లే. కొత్త ప్రోగ్రాములూ వేసుకోవచ్చు, మెమరీ అనుమతించినంత వరకు. ఓపెన్ ఆఫీస్‌లో గంటసేపు ఉత్తరం టైపు చేసి సేవ్ కొట్టాక కరెంటు పోతే మాత్రం ఉత్తరం, కొత్త ప్రోగ్రాములు, మార్చిన వాల్‌పేపర్ అన్నీ కలిసి పోతాయి. కాపాడుకోవాలంటే పెన్‌డ్రైవ్‌లోకి పంపాల్సిందే.

ఈ మతిమరుపే కొందరికి కావలసిన గుణం. 2009లో మొదలైన టెయిల్స్ అనే లినక్స్, పని అయ్యాక కంప్యూటర్లో ఏ ఆనవాలూ మిగలకూడదనుకునే విలేఖరుల వంటి వారికోసం దాన్నే ప్రధాన లక్షణం చేసుకుంది. మరో ఉదాహరణ క్నోప్పర్ ఇంట్లోనే ఉంది. ఆయన భార్య ఏడ్రియాన్‌కు కంటిచూపు లేదు. ఆవిడ పేరు మీద నాపిక్స్‌లో చేరిన భాగం, తెర మీది మాటలను చదివి వినిపిస్తూ, బాణాల మీటలతోనే మెయిల్, వెబ్ నడిపిస్తుంది. చూపులేని మనిషి ఊళ్ళో ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా అందులో ఏదీ మార్చకుండా తన పని చేసుకోగల వీలు అది. లైవ్ సీడీకి ఇంతకు మించిన ప్రయోజనం నాకు తోచదు.

పొరల కిటుకు సీడీతో అంతరించిపోలేదు. దాని వారసుడు ఓవర్లే ఎఫ్‌ఎస్ 2014లో కెర్నెల్‌లోకి వచ్చింది. సర్వర్లలో లక్షలుగా నడిచే డాకర్ కంటెయినర్ల అడుగున ఉన్నది సాధారణంగా అదే. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ వేసుకున్న ఇంటి రూటర్‌లో మూల వ్యవస్థ స్క్వాష్ ఎఫ్‌ఎస్‌లో కదలకుండా ఉంటుంది, మన పాస్‌వర్డులు పై పొరలో ఉంటాయి. రీసెట్ అంటే ఆ పై పొరను చెరిపేయడమే.

లైవ్ సీడీ హార్డ్ డిస్కు జోలికి పోదు అన్నాం. పోవడం దానికి చేతకాదు అనలేదు. మొదటిసారి నాపిక్స్ చూసినవాళ్ళను అన్నిటికంటే ఉలిక్కిపడేలా చేసింది డెస్క్‌టాప్ మీది డిస్కు బొమ్మలు. ఒకటి నొక్కితే సీ డ్రైవ్ తెరుచుకునేది. విండోస్‌లో అన్నయ్య పాస్‌వర్డు పెట్టి దాచుకున్న ఫోల్డరు ఏ అడ్డూ లేకుండా ఎదురుగా కనిపించేది. పాస్‌వర్డు అడిగేది విండోస్. విండోసే లేవకపోతే అడిగేదెవరు? డిస్కులను చదవడానికి మాత్రమే తెరవడం నాపిక్స్ పెట్టుకున్న నియమం, తాళం కాదు. తెలిసినవారు ఒక్క ఆదేశంతో దాన్ని మార్చి డిస్కంతా తుడిచేయవచ్చు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుల మీద నమ్మకంగా రాయగల డ్రైవర్ 2007 దాకా స్థిరపడలేదు కాబట్టి, అంతవరకు అందులోని ఫైళ్ళు మార్చకుండా ఆ లోపమే కొంత రక్షణ. దొంగకు పనికొచ్చే దారే రిపేరువాడికీ పనికొస్తుంది. విండోస్ లేవనని మొరాయించిన కంప్యూటర్లోంచి ఫోటోలు, లెక్కలు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకోవడానికి షాపుల్లో లైవ్ సీడీ ఒకటి ఎప్పుడూ సొరుగులో ఉండేది.

ఆ సీడీ చేతికి రావడమే అప్పట్లో ఒక ప్రయాస. 56కే మోడెమ్ మీద అంతా సవ్యంగా సాగితే 700 ఎంబీ దిగడానికి 28 గంటలు పడుతుంది, అంతసేపు ఫోను బిల్లు తిరుగుతూనే ఉంటుంది. అందుకే పీసీక్వెస్ట్, లినక్స్ ఫర్ యూ పత్రికలతో వచ్చే సీడీలు స్నేహితుల మధ్య చేతులు మారేవి. ఉబుంటు అనే లినక్స్ 2004లో వచ్చాక అడిగినవారికి సీడీలు ఉచితంగా పోస్టులో పంపేది, 2011 వరకు. 2006లో దాని లైవ్ సీడీ, ఇన్‌స్టాల్ సీడీ రెండూ ఒకటైపోయాయి. వాడి చూస్తూనే డెస్క్‌టాప్ మీది బొమ్మ నొక్కి డిస్కులో వేసుకోవచ్చు. ఎలాగో డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళు కూడా ఐఎస్ఓ ఫైలును మామూలు ఫైలులా సీడీలోకి కాపీ చేసి, బూట్ కావడం లేదని తల పట్టుకునేవారు. ఐఎస్ఓ అంటే సెక్టారు సెక్టారుగా తీసిన సీడీ నకలు. ఫైలుగా కాపీ చేస్తే 17వ సెక్టారులో ఉండాల్సిన చిరునామా అక్కడ ఉండదు.

తెలుగు చదవాలనుకున్నవారికి లైవ్ సీడీ మరో మేలు చేసింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు ఉన్నా, మన ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడి ఒకటి టిక్కు పెట్టాలి. పెట్టగానే విండోస్ సీడీ పెట్టమనేది. ఎంతమంది ఇళ్ళలో ఆ సీడీ ఉంది? ఇంటర్నెట్ సెంటర్లో అయితే అడిగే ప్రశ్నే లేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లో తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి వాటిలో ఫాంటు, కీబోర్డు, మెనూలు అన్నీ ముందే కూర్చి ఉన్నాయి.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే లేదు. అదే ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్12 లాంటి మీట నొక్కి బూట్ చేస్తున్నారు. లేజర్ కన్ను వెతుకులాట లేదు కనుక వేగం బాగుంటుంది, కావాలంటే పై పొరను పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకుని మార్పులు నిలుపుకోవచ్చు. కొత్తగా చూసేవారు రెండు విషయాలు గమనించాలి. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ సగం నిద్రలోనే ఆగిపోతుంది, ఆ స్థితిలో లినక్స్ నుంచి దాని డిస్కు మీద రాస్తే ఫైళ్ళు చెడే ప్రమాదముంది. రెండోది బిట్‌లాకర్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ముందే ఎన్‌క్రిప్ట్ అయి వస్తోంది, అన్నయ్య ఫోల్డరు ఇప్పుడు లైవ్ లినక్స్‌కు కనిపించదు. బూట్ కోసమని, అనుమతిలేని వ్యవస్థలను లేవనివ్వని సెక్యూర్ బూట్ సెట్టింగు మార్చితే, తిరిగి విండోస్‌కు వెళ్ళినప్పుడు బిట్‌లాకర్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఉబుంటు లాంటివి సెక్యూర్ బూట్ ఆపకుండానే లేస్తాయి కాబట్టి ముందు వాటితో ప్రయత్నించండి, ఆ 48 అంకెలు మాత్రం కాగితం మీద రాసుకున్నాకే పెన్‌డ్రైవ్ పెట్టండి.